కోత మిషన్ల క్యాలెండర్‌కు వారాల లింకులు: ప్రాజెక్టు డైరీ

ఉన్న పరిస్థితి

మా చిన్నాయనకు మిర్యాలగూడ దగ్గర మూడు కోత మిషన్లున్నాయి. రెండు చైన్ మిషన్లు, ఒకటి టైర్ మిషన్. వాటి బుకింగులు రాసుకునేందుకు ఒక చిన్న వెబ్ యాప్ ఉంది. పైథాన్ భాషలో, ఫ్లాస్క్ అనే వెబ్ ఫ్రేమ్‌వర్క్ వాడి రాసింది, డేటా అంతా ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్‌లో ఉంటుంది. మా తమ్ముడి ఫ్రెండ్ ఒకతను ఇంజనీరింగ్ చివరి ఏడాది ప్రాజెక్టుగా మొదలుపెట్టి, ఉద్యోగం రాగానే హైదరాబాద్ పోయాడు. కోడ్ నా దగ్గరికి వచ్చింది. శుభ్రంగానే రాశాడు. కాకపోతే క్యాలెండర్ పేజీ ఎప్పుడు తెరిచినా నడుస్తున్న వారం ఒక్కటే కనిపిస్తుంది. వచ్చే వారం ఏ మిషన్ ఏ ఊర్లో ఉందో చూడాలంటే లిస్టు పేజీకి పోయి కిందికి జరుపుకుంటూ వెతకాలి. వారం చివరికొచ్చేసరికి ఆ పేజీలో ఉండేవన్నీ అయిపోయిన పనులే.

చిన్నాయన అడిగింది ఒక్కటే ముక్క: "బిడ్డా, గోడ మీద క్యాలెండర్ కాగితం తిప్పినట్టు ఎనకకు ముందుకు తిరగాలె. గంతే."

అంతేనా అంటే అంతే కాదు. ఈ పనిలో వారం అనేది ఊరికే ఏడు గళ్ల వరస కాదు. బోర్ల కింద వేసిన వరి ముందే కోతకు వస్తుంది, సాగర్ ఎడమ కాల్వ కింద నాట్లు నీళ్లు వదిలాక పడతాయి కాబట్టి కోతలూ ఆ వెనకే. హాలియా, నిడమనూరు, త్రిపురారం, వేములపల్లి, నేరేడుచర్ల... మిషన్ ఏ వారం ఏ దిక్కున ఉంటుందో ముందే అనుకోకపోతే డీజిల్ అంతా రోడ్ల మీదే పోతుంది. పైగా మిషన్‌తో కోసిన వడ్లు పచ్చివి. ఇక్కడ చాలామంది రైతులు కళ్లంలో ఎండబెట్టకుండా ట్రాక్టర్‌లో నేరుగా మిల్లుకు తోలతారు. 2020 వానాకాలంలో మిల్లుల ముందు ట్రాక్టర్లు బారులు తీరితే సన్న వడ్లకు టోకెన్లు ఇచ్చిన సంగతి ఈ చుట్టుపక్కల అందరికీ గుర్తే. టోకెన్ తేదీ ఒకటి, మిషన్ దొరికే తేదీ ఇంకొకటి అయితే రైతుకు ఎంత టెన్షనో చెప్పక్కర్లేదు. అందుకే రెండు మూడు వారాల ముందుకు చూడగలగడం ఈ యాప్‌కు అసలు అవసరం.

శనివారం: వారాన్ని ఎక్కడ దాచాలి

పేజీ పైన మూడు లింకులు పెట్టాలి: వెనకటి వారం, ఈ వారం, తర్వాతి వారం. లింకు నొక్కినప్పుడు ఏ వారం చూపించాలో సర్వర్‌కు ఎలా తెలుస్తుంది? ముందు తేల్చుకోవాల్సింది ఇదే. మిగతావన్నీ దీని మీదే ఆధారపడతాయి.

సెషన్‌లో, అంటే ఒక్కో బ్రౌజర్ గురించి యాప్ గుర్తుపెట్టుకునే చోట, దాచడం ఒక పద్ధతి. నాకు నచ్చదు. ఫోన్‌లో రెండు ట్యాబులు తెరిస్తే ఒక ట్యాబులో తిప్పిన వారం రెండో ట్యాబును కూడా తిప్పేస్తుంది. అడ్రసులో ప్లస్ ఒకటి, ప్లస్ రెండు అని ఇవాళ్టి నుంచి లెక్కపెట్టడం ఇంకో పద్ధతి. రాయడానికి చాలా తేలిక. కానీ బుకింగులు చూసుకునే తమ్ముడు ఆ లింకును వాట్సాప్‌లో డ్రైవర్‌కు పంపితే, డ్రైవర్ దాన్ని నాలుగు రోజులాగి తెరిస్తే, ప్లస్ ఒకటి అంటే అప్పటికి వేరే వారం.

వారం నంబరు పెట్టే పద్ధతి కూడా ఉంది. తేదీలు రాసే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 8601 ప్రకారం వారం సోమవారం మొదలవుతుంది, ఏడాదిలో మొదటి గురువారం ఏ వారంలో పడితే అది ఒకటో వారం. ఆ లెక్కన 2025 డిసెంబర్ 29 అనేది 2026 ఒకటో వారంలోకి వస్తుంది. 2026కేమో 53 వారాలు. యూరప్ ఆఫీసుల్లో నంబరుతోనే మీటింగులు పెట్టుకుంటారు, వాళ్లకు పనికొస్తుంది. మిర్యాలగూడలో "నలభై ఒకటో వారం మిషన్ పంపు" అని ఫోన్ చేసేవాళ్లు ఉండరు. పైగా ఏడాది చివర వారం నంబరుకు మామూలు సంవత్సరాన్ని తగిలిస్తే క్యాలెండర్ ఏకంగా ఏడాది అవతలికి దూకుతుంది. ఈ తలనొప్పి మనకెందుకు?

తేదీనే అడ్రసులో పెట్టాను, 2026-10-04 రూపంలో. ఆ లింకు ఇవాళ తెరిచినా, కోతలయ్యాక తెరిచినా అదే వారం. వారంలోని ఏ తేదీ ఇచ్చినా ఆ తేదీ ఉన్న వారం తెరుచుకుంటుంది. పేజీలోని లింకులు మాత్రం ఎప్పుడూ వారం మొదటి రోజు తేదీనే మోస్తాయి. బ్రౌజర్ వెనక్కి బటన్ దానంతటదే సరిగ్గా పనిచేస్తుంది, ఎందుకంటే ప్రతి వారానికీ తన అడ్రసు తనకుంది.

అడ్రసులో ఎవరైనా పిచ్చి తేదీ రాస్తే? ఫిబ్రవరి 30 అని ఇస్తే పైథాన్ ఎర్రర్ ఇస్తుంది. దాన్ని పట్టుకుని ఈ వారం పేజీకి మళ్లించాను.

జావాస్క్రిప్ట్ వాడలేదు. కాల్వ కట్టల మీద సిగ్నల్ సంగతి తెలిసిందే. సర్వర్ తయారుచేసి పంపిన మామూలు పేజీ, అందులో మామూలు లింకు చాలు.

ఆదివారం: వారం ఎప్పుడు మొదలు, ఇవాళ ఎప్పుడు మొదలు

పాత కోడ్‌లో వారం సోమవారం మొదలవుతోంది. పైథాన్‌లో వీక్‌డే ఫంక్షన్ సోమవారానికి సున్నా, ఆదివారానికి ఆరు ఇస్తుంది కాబట్టి, ఆ సంఖ్యనే తేదీలోంచి తీసేస్తే సోమవారం వచ్చేస్తుంది. రాసినతను అక్కడితో ఆగాడు. చిన్నాయన చూసే గోడ క్యాలెండర్ ఆది, సోమ, మంగళ అని నడుస్తుంది. గోడ మీద ఒక వరస, ఫోన్‌లో ఇంకో వరస ఉంటే ఆదివారం పని ఏ వారంలో పడిందో రెండుసార్లు చూసుకోవాలి. కాబట్టి ఆదివారానికి మార్చాను. లెక్క ఇది: వీక్‌డే సంఖ్యకు ఒకటి కలిపి, ఏడుతో భాగిస్తే మిగిలే శేషం ఎంతో అన్ని రోజులు వెనక్కి పోవాలి. ఉదాహరణకు 2026 అక్టోబర్ 1 గురువారం. దాని సంఖ్య మూడు, ఒకటి కలిపితే నాలుగు. నాలుగు రోజులు వెనక్కి పోతే సెప్టెంబర్ 27, ఆదివారం. ఆదివారానికైతే ఆరు, ఒకటి ఏడు, శేషం సున్నా, అక్కడే ఉంటుంది.

దాని నుంచి ఏడు రోజులు తీసేస్తే వెనకటి వారం లింకు, ఏడు రోజులు కలిపితే తర్వాతి వారం లింకు. తేదీకి రోజులు కలిపే, తీసే పైథాన్ సాధనం టైమ్‌డెల్టా. దానికి నెలలు, లీపు సంవత్సరాలు అన్నీ తెలుసు. ఇక్కడ ఒక జాగ్రత్త మాత్రం కావాలి. తేదీలతోనే లెక్క చేయాలి, గంటలతో కాదు. మన దేశంలో గడియారాలను ముందుకు వెనక్కు జరిపే అలవాటు లేదు కాబట్టి ఏడు ఇరవై నాలుగుల గంటలు కలిపినా ఇబ్బంది రాదు. వేసవిలో గడియారం మార్చే దేశాల్లో ఏడాదిలో ఒక రోజు 23 గంటలు, ఒక రోజు 25 గంటలు ఉంటుంది. ఆ లెక్క అక్కడ గంట తప్పి, ఒక్కోసారి రోజే తప్పుతుంది. ఎవరైనా ఈ కోడ్ తీసుకుపోయి వేరే దేశంలో వాడతారని కాదు, తేదీతో చేస్తే అసలు ఆ ప్రశ్నే రాదు.

ఈ వారం లింకు దగ్గర మాత్రం నిజమైన చిక్కు ఉంది. సర్వర్ గడియారం యూటీసీలో, అంటే ప్రపంచమంతా లెక్కకు వాడే ప్రామాణిక సమయంలో, నడుస్తుంది. మన టైమ్ దానికంటే ఐదున్నర గంటలు ముందు. అంటే మనకు అర్ధరాత్రి దాటిన దగ్గర్నుంచి పొద్దున ఐదున్నర దాకా సర్వర్ దృష్టిలో ఇంకా నిన్నటి రోజే. మిగతా రోజుల్లో ఇది పెద్దగా తెలియదు, ఇవాళ్టి గడికి వేసిన రంగు పక్క గడిలో పడుతుంది, అంతే. ఆదివారం తెల్లవారుజామున అలా కాదు. సర్వర్‌కు అది శనివారం కాబట్టి వారం మొత్తం పాతదే చూపిస్తుంది. మిషన్‌ను వేరే ఊరికి తరలించే రోజుల్లో డ్రైవర్లు లేచేది ఆ టైమ్‌కే. పేజీ తెరిస్తే పోయిన వారం ఊర్లు కనిపిస్తాయి.

మందు సులువే. ఇవాళ ఏ తేదీ అని సర్వర్‌ను ఊరికే అడగకుండా, ఆసియా/కోల్‌కతా జోన్‌లో ఇప్పుడు ఎంతయింది అని అడిగి అందులోంచి తేదీ తీసుకోవాలి. పైథాన్ 3.9 నుంచి దీనికి జోన్‌ఇన్ఫో అనేది భాషతోపాటే వస్తుంది, వేరే లైబ్రరీ పెట్టక్కర్లేదు. యాప్ మొత్తంలో ఇవాళ్టి తేదీ కావాల్సిన చోటల్లా ఇదొక్క ఫంక్షన్‌నే పిలిచేలా మార్చాను.

సోమవారం రాత్రి: లింకు మీద ఏం రాయాలి

ఆఫీసు పనయ్యాక కూర్చున్నాను. "తర్వాతి వారం" అని రాసి బాణం గుర్తు పెడితే చాలనిపిస్తుంది. కానీ మూడుసార్లు నొక్కి నవంబర్‌లోకి వెళ్లినవాడు ఆ మాటను ఇవాళ్టి నుంచి లెక్కేస్తాడు, పేజీ తనలో కనిపిస్తున్న వారం నుంచి లెక్కేస్తుంది. అందుకని లింకు మీదే తేదీలు రాశాను. అక్టోబర్ 4 – 10 పేజీలో కుడివైపు లింకు మీద "11 – 17" అని ఉంటుంది. నొక్కకముందే ఎక్కడికి పోతామో తెలుస్తుంది.

నెల మారే వారానికి "సెప్టెంబర్ 27 – అక్టోబర్ 3" అని రెండు నెలలూ రాయాలి. ఏడాది మారితే రెండు సంవత్సరాలూ రాయాలి: 2026 డిసెంబర్ 27 – 2027 జనవరి 2. నెలల పేర్లు తెలుగులో రావడానికి సర్వర్‌లో లోకేల్ (భాష, ప్రాంతం) సెట్టింగులతో కుస్తీ పట్టడం అనవసరం. పన్నెండు పేర్లు ఒక లిస్టులో రాసిపెట్టుకుంటే అయిపోయె.

పేజీ పైన మిషన్ ఎంచుకునే ఫిల్టర్ ఒకటుంది. టైర్ మిషన్ ఒక్కదాన్నే ఎంచుకుని తర్వాతి వారం నొక్కితే మూడు మిషన్లూ తిరిగి వచ్చేస్తున్నాయి. లింకు తేదీని ఒక్కదాన్నే మోసుకుపోతోంది, ఫిల్టర్‌ను వదిలేస్తోంది. అడ్రసులో అప్పటికే ఉన్నవన్నీ తీసుకుని, తేదీని మాత్రం మార్చి కొత్త లింకు కట్టే చిన్న ఫంక్షన్ రాశాను. మూడు లింకులూ దాంతోనే తయారవుతాయి. రేపు ఊరి పేరుతో ఇంకో ఫిల్టర్ పెట్టినా లింకుల జోలికి పోవాల్సిన పని లేదు.

బుధవారం: వారం దాటిన కోత

లింకులు నడుస్తున్నాయి. ముందుకూ వెనక్కూ తిప్పి చూస్తుంటే త్రిపురారం వైపు పెద్ద కమతం ఒకటి కంటపడింది. శుక్రవారం మొదలై సోమవారం దాకా ఉండే పని. ఆ వారంలో శుక్ర, శనివారాల గళ్లు నిండి ఉన్నాయి. తర్వాతి వారం నొక్కితే ఆది, సోమవారాలు ఖాళీ!

కారణం డేటాబేస్‌కు వేసే ప్రశ్నలో ఉంది. మొదలయ్యే తేదీ ఈ వారం లోపల ఉన్న బుకింగులు ఇవ్వు అని పాత కోడ్ అడుగుతోంది. ఒక్క రోజు పనులకు అది సరిపోతుంది. ముందు వారంలో మొదలై ఈ వారంలోకి సాగే పని మాత్రం దానికి చిక్కదు. ఈ లోపం మొదటి నుంచీ ఉన్నదే, కానీ నడుస్తున్న పనులు తమ్ముడికి నోటికి వచ్చు కాబట్టి బయటపడలేదు. ఇప్పుడు రెండు వారాల ముందుకు చూసి మాట ఇవ్వడం మొదలుపెడితే, ఖాళీగా కనిపించిన సోమవారాన్ని వేములపల్లి రైతుకు రాసిచ్చేస్తాడు. మిషన్ ఒకటి, పొలాలు రెండు. పండిన వరి ఇంకో రెండు రోజులు ఆగుతుందేమో కానీ, ట్రాక్టర్లు మాట్లాడుకుని, మిల్లులో చెప్పుకుని ఎదురుచూసే రైతు ఆగడు.

ఇలాంటి ప్రశ్నను తిరగేసి ఆలోచిస్తే తేలిక. ఒక పని ఈ వారానికి సంబంధం లేనిది ఎప్పుడవుతుంది? వారం మొదలవక ముందే ముగిస్తే, లేదా వారం అయిపోయాక మొదలైతే. ఈ రెండూ కాని ప్రతి పనీ ఈ వారంలో ఎక్కడో ఒకచోట ఉన్నట్టే. కాబట్టి షరతు ఇలా మారింది: మొదలు తేదీ శనివారం కంటే తర్వాత ఉండకూడదు, ముగింపు తేదీ ఆదివారం కంటే ముందు ఉండకూడదు. వారం మొత్తాన్నీ కప్పేసే పది రోజుల పనిని కూడా ఇది పట్టుకుంటుంది.

షరతు మార్చి పేజీ తెరిస్తే త్రిపురారం కనిపించింది, ఒక్క రోజు పనులన్నీ మాయమయ్యాయి. ఒక్క రోజు పనికి ముగింపు తేదీ గడిని ఖాళీగా వదిలేస్తున్నారు. ఖాళీ విలువను దేనితో పోల్చినా డేటాబేస్ అవును అనదు, కాదు అనదు, ఆ వరసను పక్కన పెట్టేస్తుంది. ముగింపు ఖాళీగా ఉంటే మొదలు తేదీనే ముగింపుగా తీసుకో అని చెప్పాక అన్నీ తిరిగొచ్చాయి. బుకింగ్ ఫారంలో కూడా ముగింపు తేదీ దానంతటదే నిండేలా చేశాను.

అప్పటికీ ఒకటి రెండు బుకింగులు ఎక్కడెక్కడో తేలుతున్నాయి. చూస్తే అవి ఎక్సెల్ ఫైల్ నుంచి ఎక్కించిన పాత వరసలు. వాటి తేదీలు రోజు, నెల, సంవత్సరం వరసలో ఉన్నాయి. ఎస్‌క్యూలైట్‌లో తేదీకి ప్రత్యేకమైన రకం లేదు, ఇక్కడ అక్షరాలుగానే దాచారు. సంవత్సరం, నెల, రోజు వరసలో సున్నాలతో సహా రాస్తే అక్షర క్రమమూ కాల క్రమమూ ఒక్కటే అవుతాయి. రోజు ముందు రాస్తే జనవరి 25 కంటే నవంబర్ 5 ముందొస్తుంది. డేటాబేస్ కాపీ ఒకటి తీసి పెట్టుకుని పాత వరసలన్నీ మార్చేశాను.

గళ్లలో చూపించే పద్ధతి కూడా కొంచెం మారింది. ముందు వారం నుంచి వస్తున్న పని పట్టీకి ఎడమ కొసన చిన్న బాణం, తర్వాతి వారంలోకి పోయేదానికి కుడి కొసన బాణం. ఆ బాణం కూడా లింకే, నొక్కితే ఆ వారం తెరుచుకుంటుంది. చేసినవాటిలో నాకు బాగా నచ్చింది ఇదే.

శుక్రవారం: అంతులేని వారాలు

రైతులు లాగిన్ లేకుండా చూసుకునేందుకు ఒక పేజీ ఉంది, ఏ రోజు ఏ మిషన్ ఖాళీనో చెబుతుంది, పేర్లు, ఫోన్ నంబర్లు ఉండవు. వారాల లింకులు అక్కడా వచ్చాయి. తర్వాతి వారం లింకుకు అంతం అంటూ లేదు. మనిషైతే నాలుగైదు వారాలు చూసి ఆగిపోతాడు. సెర్చ్ ఇంజన్ల కోసం పేజీలు తిరిగే ప్రోగ్రాములు, అంటే బాట్లు, ఆగవు, లింకు కనిపిస్తే పోతూనే ఉంటాయి. పైథాన్ తేదీలు 9999 సంవత్సరం దాకా ఉంటాయి కాబట్టి మన చిన్న సర్వర్ ఆ ఖాళీ వారాలన్నీ వండి వారుస్తూ కూర్చోవాలి. 9999 డిసెంబర్ చివరి వారంలో ఇంకో ఏడు రోజులు కలిపితే ఓవర్‌ఫ్లో ఎర్రర్ కూడా వస్తుంది.

హద్దు పెట్టాను. వెనక్కి అన్నిటికంటే పాత బుకింగ్ ఉన్న వారం దాకా, ముందుకు ఇవాళ్టి నుంచి ఆరు నెలల దాకా. వానాకాలం కోతల్లో ఉన్నవాడికి యాసంగి (రబీ) కోతలు అందితే చాలు. హద్దు దగ్గర లింకు బదులు బూడిద రంగు అక్షరాలు ఉంటాయి. ఈ లింకు వెంట పోవద్దని బాట్లకు చెప్పే నోఫాలో గుర్తును కూడా లింకులకు తగిలించాను.

ఫోన్‌లో లింకులు మరీ చిన్నవిగా ఉన్నాయి. వెబ్ యాక్సెసిబిలిటీ మార్గదర్శకాల 2.2 వెర్షన్ కనీసం 24 పిక్సెల్స్ ఉండాలంటుంది, ఇంకా కఠినమైన స్థాయికి 44. దుమ్ము చేతులతో నొక్కేవాళ్లు కాబట్టి 44 తీసుకున్నాను. బాణం గుర్తును, చూపులేనివాళ్లకు పేజీని చదివి వినిపించే స్క్రీన్ రీడర్ ఏమని చదువుతుందో నమ్మకం లేదు, అందుకే లోపల పూర్తి మాట రాసిపెట్టాను. వేలితో పక్కకు జరిపితే వారం మారే సౌకర్యం పెట్టమని తమ్ముడు అడిగాడు. వద్దన్నాను. ఏడు గళ్ల పట్టిక ఫోన్‌లో పక్కకు జరుగుతుంది, రెండూ ఒకదానితో ఒకటి కొట్టుకుంటాయి.

పరీక్షకు కొన్ని వారాలు ఏరి పెట్టుకున్నాను. 2026 ఫిబ్రవరి ఆదివారం మొదలై శనివారం ముగుస్తుంది, నాలుగంటే నాలుగే వారాలు. 2026 డిసెంబర్ చివరి వారం ఏడాది దాటుతుంది. 2028 ఫిబ్రవరి 29 మంగళవారం, అది ఉన్న వారం ఫిబ్రవరి 27 నుంచి మార్చి 4 దాకా. ఇవి కాక ముందుకు ఒకసారి, వెనక్కి ఒకసారి పోతే బయల్దేరిన వారానికే రావాలి అనే పరీక్షను చాలా తేదీల మీద నడిపాను.

మళ్లీ ఆదివారం: చిన్నాయన చేతికి

చిన్నాయన ఫోన్‌లో తిప్పి చూశాడు. "గీ ఈ వారం అన్నది నడుమ పెట్టినవు, మంచిగున్నది. ఎంత దూరం పోయినా ఇంటికొచ్చినట్టు" అన్నాడు. అమావాస్య నాడు కొత్త చేను మొదలుపెట్టడు, ఆ గడి మీద గుర్తు కావాలన్నాడు. తిథి లెక్కలు కోడ్‌లో రాసే ధైర్యం నాకు లేదు. పంచాంగం చూసి ఏడాది అమావాస్యలు ఒక టేబుల్‌లో రాసిపెడితే సరిపోతుంది. ఆ పని తమ్ముడికి అప్పగించాను.

డ్రైవర్లకు పంపే వాట్సాప్ మెసేజ్‌లో ఇప్పుడు వారం లింకు, వాళ్ల మిషన్ ఫిల్టర్‌తో సహా, దానంతటదే వస్తుంది.

మిగిలింది వాన సంగతి. వాన పడితే ఆ రోజు నుంచి ఉన్న పనులన్నీ ఒక రోజు తర్వాతికి జరిపే బటన్ కావాలి. వారం పేజీలో పైన ఒకటి పెడదామనుకున్నాం. తడి మడిలోకి చైన్ మిషన్ ముందే దిగుతుంది, టైర్ మిషన్ నేల గట్టిపడేదాకా ఆగాలి అని డ్రైవర్ అన్న చెప్పాక అది మారింది. బటన్ వారానికి ఒకటి కాదు, మిషన్‌కు ఒకటి. శనివారం పని జరిగితే తర్వాతి వారంలోకి పోతుంది, దానికి బాణాలు సిద్ధంగానే ఉన్నాయి. జరపకముందు తేదీ ఏదో రైతుకు చెప్పాల్సి వస్తుంది కాబట్టి టేబుల్‌లో పాత తేదీకి ఒక కాలమ్ పెంచాను. బటన్ యాసంగి కోతలకు ముందు రాస్తాను.